అద్దె ఇల్లు ఉన్నవారికి: పన్ను తగ్గించుకుంటే బ్యాంకు రుణం కూడా తగ్గుతుందా?

ఒక ఫ్లాటు కొని అద్దెకు ఇచ్చారు. ఇప్పుడు రెండోది కొనాలనుకుంటున్నారు. బ్యాంకుకు వెళ్తే మొదట అడిగే కాగితాల్లో గత రెండు మూడేళ్ల ఐటీ రిటర్నులు ఉంటాయి. వాటిలో అద్దె కనిపించకపోయినా, వ్యాపార లాభం నామమాత్రంగా ఉన్నా ‘ఈ ఆదాయానికి ఇంతకంటే ఇవ్వలేం’ అనే జవాబు వస్తుంది. నెలనెలా డబ్బు చేతికి వస్తున్నా సరే, కాగితం మీద లేనిది బ్యాంకు లెక్కలోకి రాదు.

చాలామందికి సందేహం ఇక్కడే. పన్ను తగ్గాలంటే ఆదాయం తక్కువగా కనిపించాలి. రుణం ఎక్కువ రావాలంటే ఆదాయం ఎక్కువగా కనిపించాలి. మరి ఒకే రిటర్నుతో ఈ రెండూ ఎలా సాధ్యం?

సూటిగా చెప్పాలంటే, చట్టం ఇచ్చిన మినహాయింపులు వాడుకున్నంత మాత్రాన రుణ అర్హత పెద్దగా తగ్గదు. అసలు చూపించని ఆదాయమే దాన్ని దెబ్బతీస్తుంది. ఇప్పుడున్న శ్లాబుల్లో చాలామందికి ఆదాయం దాచడం వల్ల మిగిలే పన్ను కూడా ఏమీ ఉండదు. ఎలాగో లెక్కలతో చూద్దాం.

కింది ఉదాహరణలన్నిటికీ 2025-26 ఆర్థిక సంవత్సరం శ్లాబులు తీసుకున్నాం. రుణానికి 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకున్నాం. ఈ లెక్కన లక్ష రూపాయల రుణానికి నెలకు సుమారు రూ.868 ఈఎంఐ పడుతుంది. మీ బ్యాంకు వడ్డీ రేటు వేరైతే అంకెలు కొంచెం మారతాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

అద్దె మీద పన్ను ఎలా లెక్కిస్తారు?

అద్దెకు ఇచ్చిన ఇంటి ఆదాయాన్ని రిటర్నులో ‘ఇంటి ఆస్తి ద్వారా ఆదాయం’ అనే పద్దులో చూపాలి. ఇంటి యజమానులు నివాస గృహం అద్దెను వ్యాపార ఆదాయంగా చూపి ఇతర ఖర్చులు తగ్గించుకునే వీలు లేకుండా 2024 బడ్జెట్‌లో నిబంధనను స్పష్టం చేశారు.

ఏడాది అద్దెలోంచి మూడు తగ్గింపులు ఉంటాయి. మొదటిది, ఆ ఏడాది యజమాని స్వయంగా కట్టిన మున్సిపల్ ఆస్తిపన్ను. బకాయి ఉంటే తగ్గించరు, కట్టి ఉండాలి. రెండోది, మిగిలిన మొత్తంలో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్. రంగులు, ప్లంబింగ్, చిన్నాచితకా మరమ్మతులు అన్నీ ఇందులోకే వస్తాయి. బిల్లులు చూపక్కర్లేదు, ఒక్క రూపాయి ఖర్చు చేయకపోయినా ఈ 30 శాతం వస్తుంది. మూడోది, ఇంటి రుణంపై ఆ ఏడాది వడ్డీ. అసలు వాయిదా ఇందులోకి రాదు.

ఉదాహరణకు హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఒక ఫ్లాటు ఉందనుకుందాం. రుణం రూ.50 లక్షలు. అద్దె నెలకు రూ.25,000, అంటే ఏడాదికి రూ.3 లక్షలు. ఆస్తిపన్ను రూ.8,000 కట్టారు. మిగిలింది రూ.2,92,000. అందులో 30 శాతం, అంటే రూ.87,600 తీసేస్తే రూ.2,04,400. రూ.50 లక్షల రుణానికి ఈఎంఐ సుమారు రూ.43,390. మొదటి ఏడాది వడ్డీ దాదాపు రూ.4.21 లక్షలు. వడ్డీ కూడా తీసేస్తే అద్దె ఆదాయం మైనస్‌లోకి వెళ్తుంది. సుమారు రూ.2,16,600 ‘నష్టం’ అన్నమాట.

ఈ నష్టం ఎవరికి ఎంత ఉపయోగపడుతుందన్నది మీరు ఎంచుకున్న పన్ను విధానాన్ని బట్టి ఉంటుంది. పాత విధానంలో ఏడాదికి రూ.2 లక్షల వరకు జీతంలాంటి ఇతర ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. మిగిలిన రూ.16,600ను తర్వాతి 8 ఏళ్లలో ఇంటి ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో వడ్డీతో అద్దె ఆదాయాన్ని సున్నాకు తెచ్చుకోవచ్చు. అంతకు మించిన నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకునే వీల్లేదు.

అదే ఇంటిని బ్యాంకు ఎలా చూస్తుంది?

ఆదాయపు పన్ను లెక్కలో ఈ ఫ్లాటు ‘నష్టం’. బ్యాంకు మాత్రం ఆ నష్టాన్ని ఉన్నదున్నట్టు తీసుకోదు. దానికి కావాల్సింది రెండే. నెలకు ఎంత వస్తోంది, ఎంత కట్టాలి.

వచ్చేదాంట్లో జీతం, వ్యాపార లాభం, అద్దె ఉంటాయి. ఇల్లు ఖాళీగా ఉండే నెలలు, మరమ్మతులు దృష్టిలో పెట్టుకుని అద్దెను సాధారణంగా పూర్తిగా కాకుండా కొంత భాగమే లెక్కలోకి తీసుకుంటారు. ఎంత శాతమన్నది బ్యాంకును బట్టి మారుతుంది. మన ఉదాహరణలో 70 శాతం అనుకుందాం. కట్టాల్సినవాటిలో ఇప్పటికే ఉన్న ఈఎంఐలన్నీ వస్తాయి. మొత్తం ఈఎంఐలు ఆదాయంలో ఇంత శాతం దాటకూడదని ప్రతి బ్యాంకూ పరిమితి పెట్టుకుంటుంది. బ్యాంకు సిబ్బంది దీన్నే ఎఫ్‌వోఐఆర్ అంటారు. ఇక్కడ 50 శాతం అనుకుందాం.

కూకట్‌పల్లి ఫ్లాటు యజమాని ఉద్యోగి. నెలకు చేతికి వచ్చే జీతం లక్ష రూపాయలు. అద్దెలో 70 శాతం, అంటే రూ.17,500 కలిపితే ఆదాయం రూ.1,17,500. అందులో సగం రూ.58,750. ఇప్పటికే రూ.43,390 ఈఎంఐ కడుతున్నారు. కొత్త ఈఎంఐకి మిగిలింది రూ.15,360. లక్షకు రూ.868 చొప్పున చూస్తే సుమారు రూ.17.7 లక్షల కొత్త రుణం వస్తుంది.

రిటర్నులో అద్దె చూపకపోతే? ఆదాయం లక్షే. అందులో సగం రూ.50,000. ఈఎంఐ పోగా మిగిలేది రూ.6,610. కొత్త రుణం రూ.7.6 లక్షలు. తేడా దాదాపు రూ.10 లక్షలు.

అద్దె దాస్తే ఎంత పన్ను మిగిలింది?

ఇదే ఉద్యోగి అద్దె చూపకుండా ఎంత పన్ను మిగుల్చుకున్నారో చూద్దాం.

కొత్త విధానంలో ఉంటే అద్దె చూపినా వడ్డీ దాన్ని పూర్తిగా కొట్టేస్తుంది. అద్దెపై పన్ను సున్నా. చూపకపోయినా సున్నాయే. పాత విధానంలో ఉండి, అద్దె ఇంటిని తాను ఉంటున్న ఇల్లుగా చూపితే రూ.2 లక్షల వరకు వడ్డీ మినహాయింపు వస్తుంది. నిజం చెప్పి అద్దె ఇల్లుగా చూపినా జీతంలోంచి తగ్గేది అదే రూ.2 లక్షలు. పైగా రూ.16,600 నష్టం ముందు ఏళ్లకు బదిలీ అవుతుంది.

ఏ విధానంలో చూసినా మిగిలిన పన్ను సున్నా. పోయింది మాత్రం రూ.10 లక్షల రుణ అర్హత. రుణం కొత్తగా మొదలైన తొలి ఏళ్లలో అద్దె కంటే వడ్డీ ఎక్కువగా ఉండే ఇళ్లకు చాలావరకు ఇదే లెక్క వర్తిస్తుంది.

రుణం లేని ఇల్లయితే?

ఇక్కడ నిజంగానే పన్ను పడుతుంది. అదే ఫ్లాటుకు రుణం లేదనుకుందాం. పన్ను పడే అద్దె ఆదాయం రూ.2,04,400. ఏడాదికి రూ.14.4 లక్షల జీతం ఉన్న ఉద్యోగికి కొత్త విధానంలో ఈ మొత్తం 15 శాతం శ్లాబులోకి వస్తుంది. 4 శాతం సెస్సు కలిపితే పన్ను సుమారు రూ.31,900.

అంటే ఏడాదికి దాదాపు రూ.32 వేలు కడితే బ్యాంకు దగ్గర రూ.10 లక్షల అర్హత పెరుగుతుంది. వచ్చే రెండు మూడేళ్లలో రుణం అవసరం ఉన్నవారికి ఈ పన్ను భారం కాదు.

రుణం అవసరమే లేకపోతే అద్దె చూపనక్కర్లేదా? అలా కాదు. అద్దె చూపడం చట్టం ప్రకారం తప్పనిసరి. దాచినా బయటపడే దారులు చాలా ఉన్నాయి. ఏడాదికి లక్ష రూపాయలకు మించి అద్దె కడుతూ హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు కోరే ఉద్యోగి ఇంటి యజమాని పాన్ నంబరు ఇవ్వాలి. నెలకు రూ.50 వేలకు మించి అద్దె కట్టే వ్యక్తులు 2 శాతం టీడీఎస్ కోసి కట్టాలి. 2024 అక్టోబరు 1కి ముందు ఇది 5 శాతంగా ఉండేది. కోసిన టీడీఎస్ మీ 26ఏఎస్, ఏఐఎస్ పత్రాల్లో కనిపిస్తుంది. ఆదాయం తక్కువ చూపినట్టు తేలితే ఆ ఆదాయంపై పడే పన్నులో 50 శాతం, కావాలని తప్పుగా చూపినట్టు తేలితే 200 శాతం వరకు జరిమానా ఉంటుంది. వడ్డీ అదనం.

పాత విధానమా, కొత్త విధానమా?

‘ఇంటి రుణం ఉంది కదా, పాత విధానమే మేలు’ అనే మాట తరచూ వినిపిస్తుంది. ఒకప్పుడు అది నిజమే. ఇప్పుడు మాత్రం లెక్క వేసి చూడాల్సిందే.

పైన చెప్పిన ఉద్యోగి జీతం ఏడాదికి రూ.14.4 లక్షలు. పాత విధానంలో రూ.50 వేల స్టాండర్డ్ డిడక్షన్, 80సీ కింద రూ.1.5 లక్షలు, ఇంటి నష్టం రూ.2 లక్షలు తగ్గిస్తే పన్ను పడే ఆదాయం రూ.10.4 లక్షలు. సెస్సుతో కలిపి పన్ను రూ.1,29,480.

కొత్త విధానంలో రూ.75 వేల స్టాండర్డ్ డిడక్షన్ మాత్రమే. పన్ను పడే ఆదాయం రూ.13.65 లక్షలు. ఇంటి నష్టం వల్ల ఒక్క రూపాయి లాభం లేదు. అయినా పన్ను రూ.88,140 మాత్రమే. దాదాపు రూ.41 వేలు తక్కువ.

అదే ఉద్యోగి తాను అద్దె ఇంట్లో ఉంటూ ఏడాదికి రూ.2.4 లక్షల హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు పొందితే పాత విధానంలో పన్ను రూ.75,400కు దిగుతుంది. అప్పుడు పాతదే నయం. కాబట్టి ఇంటి రుణం ఒక్కటే చూసి నిర్ణయించకండి. హెచ్‌ఆర్‌ఏ, 80సీ, ఆరోగ్య బీమా అన్నీ కలిపి చూడండి. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో ఉచితంగా కాలిక్యులేటర్ ఉంది. ఉద్యోగులు ఏటా విధానం మార్చుకోవచ్చు. వ్యాపార ఆదాయం ఉన్నవారికి ఆ వెసులుబాటు లేదు. కొత్త విధానం వదిలి పాతదానికి వెళ్లినవారు తిరిగి కొత్తదానికి ఒక్కసారే రాగలరు.

రుణ అర్హత విషయంలో ఉద్యోగులకు విధానం వల్ల పెద్ద తేడా రాదు. బ్యాంకు చూసేది జీతం స్లిప్పులు, ఫాం-16, ఖాతాలో పడే జీతం. 80సీ కింద లక్షన్నర చూపారని మీ జీతంలోంచి ఎవరూ లక్షన్నర తీసేయరు. కాబట్టి అర్హత తగ్గుతుందని పీపీఎఫ్, బీమా మినహాయింపులు వదులుకోనక్కర్లేదు.

వ్యాపారులు ఎందుకు ఎక్కువ నష్టపోతున్నారు?

సొంత వ్యాపారం ఉన్నవారి ఆదాయానికి బ్యాంకు దగ్గర రిటర్నే ప్రధాన ఆధారం. జీతం స్లిప్పు ఉండదు కదా.

చిన్న వ్యాపారుల్లో చాలామంది సెక్షన్ 44ఏడీ కింద అంచనా పద్ధతిలో రిటర్ను వేస్తారు. టర్నోవరులో డిజిటల్‌గా వచ్చినదానిపై కనీసం 6 శాతం, నగదుగా వచ్చినదానిపై కనీసం 8 శాతం లాభం చూపితే పుస్తకాలు రాయనక్కర్లేదు. ‘కనీసం’ అన్న మాటను చాలామంది ‘అంతే’ అని అర్థం చేసుకుంటారు. నిజంగా అంతకంటే ఎక్కువ లాభం వస్తే ఎక్కువే చూపాలి. చట్టమూ అదే చెబుతోంది.

తెనాలిలో ఒక బట్టల దుకాణం ఉందనుకుందాం. టర్నోవరు రూ.60 లక్షలు, అంతా యూపీఐ, కార్డుల ద్వారానే వస్తుంది. నిజమైన లాభం రూ.9 లక్షలు. అలవాటు కొద్దీ 6 శాతం లెక్కన రూ.3.6 లక్షలు చూపుతున్నారు. నెలకు రూ.30 వేల ఆదాయం అన్నమాట. సగం ఈఎంఐకి తీస్తే రూ.15 వేలు. వచ్చే రుణం సుమారు రూ.17.3 లక్షలు.

ఉన్నదున్నట్టు రూ.9 లక్షలు చూపితే నెలకు రూ.75 వేలు. ఈఎంఐకి రూ.37,500. రుణం సుమారు రూ.43.2 లక్షలు. తేడా దాదాపు రూ.26 లక్షలు.

మరి పన్ను? 2025-26లో కొత్త విధానంలో రూ.12 లక్షల వరకు ఆదాయం ఉన్నవారికి రిబేటు వల్ల పన్ను పడదు. రూ.3.6 లక్షలు చూపినా సున్నా, రూ.9 లక్షలు చూపినా సున్నా. దీనికి అద్దె ఆదాయం రూ.2 లక్షలు కలిపి రూ.11 లక్షలు చూపినా సున్నాయే. షేర్లు, స్థలాల అమ్మకంపై లాభాల్లాంటి ప్రత్యేక రేట్ల ఆదాయానికి మాత్రం ఈ రిబేటు వర్తించదు.

శ్లాబులు మారినా అలవాటు మారలేదు. పన్ను పడని ఆదాయాన్ని దాచి, రావాల్సిన రుణాన్ని పోగొట్టుకుంటున్నారు. మీ ఆడిటరు ఏటా అదే అంకె వేస్తుంటే, ఈసారి ‘నిజమైన లాభం చూపితే ఎంత పన్ను పడుతుంది’ అని ఒక్కమాట అడగండి.

పుస్తకాలు రాసే వ్యాపారులకు మరో విషయం. దుకాణం ఫర్నిచర్, యంత్రాలపై చూపే తరుగుదల కాగితం మీది ఖర్చే గానీ ఆ ఏడాది జేబులోంచి పోయే డబ్బు కాదు. అందుకే బ్యాంకులు అర్హత లెక్కించేటప్పుడు సాధారణంగా దాన్ని లాభానికి తిరిగి కలుపుతాయి. రుణం కోసమని తరుగుదల వదులుకోవాల్సిన పనిలేదు. రిటర్నుతో పాటు కంప్యుటేషన్, లాభనష్టాల ఖాతా కూడా ఇస్తే ఆ అంకె బ్యాంకుకు కనిపిస్తుంది.

రుణం కోసం ఆదాయం పెంచి చూపితే?

‘పన్ను ఎలాగూ పడదు, మరి పదో పదకొండో లక్షలు చూపేద్దాం’ అని సలహా ఇచ్చేవారూ ఉంటారు. ఇది ప్రమాదకరమైన సలహా. రాని ఆదాయాన్ని వచ్చినట్టు చూపి రుణం తీసుకోవడం తప్పుడు సమాచారం ఇవ్వడమే. పైగా బ్యాంకు రిటర్ను ఒక్కటే చూడదు. జీఎస్టీ రిటర్నుల్లో టర్నోవరు, కరెంటు ఖాతాలో జమలు, రిటర్నులో లాభం ఒకదానికొకటి సరిపోలాలి. మూడేళ్లుగా రూ.3 లక్షలు చూపి ఒక్కసారిగా రూ.11 లక్షలకు ఎగబాకితే కారణం అడుగుతారు. మామూలుగా రెండేళ్ల సగటు తీసుకునే బ్యాంకు దగ్గర ఒక్క ఏడాది అంకె అంత పని కూడా చేయదు.

అన్నిటికీ మించి, ఈఎంఐ కట్టాల్సింది నిజమైన ఆదాయంలోంచే.

ఎప్పటి నుంచి సిద్ధం కావాలి?

రుణానికి దరఖాస్తు చేసే ముందు నెలలో కాదు, కనీసం రెండేళ్ల ముందు. బ్యాంకులు ఒక ఏడాది రిటర్నుతో తృప్తిపడవు. రెండు మూడేళ్ల రిటర్నులు ఒకే వారంలో వేసి తీసుకెళ్తే రుణం కోసమే వేశారన్న అనుమానం సహజంగా వస్తుంది. ఏటా గడువులోగా వేసిన రిటర్నులకే విలువ ఎక్కువ.

గత ఏళ్లలో అద్దె చూపకపోయి ఉంటే? సవరించిన రిటర్ను గడువు దాటకపోతే అదే సులువైన మార్గం. అది దాటితే ఐటీఆర్-యూ అనే అప్‌డేటెడ్ రిటర్ను ఉంది. మదింపు సంవత్సరం ముగిశాక 48 నెలల వరకు వేయవచ్చు. 2025 బడ్జెట్‌కు ముందు ఈ గడువు 24 నెలలే. కట్టాల్సిన పన్ను, వడ్డీలపై అదనంగా మొదటి ఏడాదిలో 25 శాతం, రెండో ఏడాదిలో 50, మూడో ఏడాదిలో 60, నాలుగో ఏడాదిలో 70 శాతం కట్టాలి. ఆలస్యమయ్యేకొద్దీ భారం పెరుగుతుంది. పన్ను తగ్గించుకోవడానికో, రీఫండు పెంచుకోవడానికో దీన్ని వాడే వీల్లేదు.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం-2025 అమలు. సెక్షన్ల నంబర్లు మారతాయి. 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్, వడ్డీ తగ్గింపు మాత్రం అందులోనూ ఉన్నాయి.

అద్దెను బ్యాంకు నమ్మాలంటే

రిటర్నులో చూపడం ఒక్కటే చాలదు. అద్దె నగదుగా తీసుకుంటుంటే ఈ నెల నుంచే ఖాతాలోకి వేయించుకోండి. ప్రతి నెలా దాదాపు ఒకే తేదీన, ఒకే మొత్తం జమ కావడం మంచి రుజువు. అగ్రిమెంటు మీ పేరున, ప్రస్తుత అద్దెతో, గడువు తీరకుండా ఉండాలి. తెల్ల కాగితం మీద రాసుకున్న ఒప్పందాన్ని చాలా బ్యాంకులు పట్టించుకోవు. కొన్ని రిజిస్టర్డ్ అగ్రిమెంటే అడుగుతాయి. అగ్రిమెంటులో రూ.25 వేలు, ఖాతాలో రూ.15 వేలు, రిటర్నులో రూ.10 వేలు ఉంటే బ్యాంకు తక్కువ అంకెనే తీసుకుంటుంది.

అద్దెదారు ఇచ్చే అడ్వాన్సు తిరిగి ఇచ్చేయాల్సిన డబ్బు. అది ఆదాయం కాదు. రిటర్నులోనూ, రుణ లెక్కలోనూ అద్దెతో కలపొద్దు.

ఇల్లు ఎవరి పేరున ఉండాలి?

భార్యాభర్తలిద్దరికీ ఆదాయం ఉంటే ఉమ్మడిగా కొనడం రెండు విధాలా మేలు. సహ రుణగ్రహీతగా ఇద్దరి ఆదాయం కలిసి అర్హత పెరుగుతుంది. దస్తావేజులో వాటాలు స్పష్టంగా ఉంటే అద్దె, వడ్డీ ఆ వాటాల ప్రకారం ఇద్దరి రిటర్నుల్లోకి వెళ్తాయి. పాత విధానంలో రూ.2 లక్షల నష్టం పరిమితి ఎవరికి వారికే వర్తిస్తుంది. అయితే వడ్డీ తగ్గింపు కావాలంటే రుణంలోనూ, ఇంటి యాజమాన్యంలోనూ పేరు ఉండాలి. ఒక్కదాంట్లో ఉంటే చాలదు.

ఆదాయం లేని భార్య పేరున భర్త డబ్బుతో కొని, అద్దెను ఆమె రిటర్నులో చూపితే పన్ను తగ్గుతుందని కొందరు అనుకుంటారు. జీవిత భాగస్వామికి ఉచితంగా ఇచ్చిన డబ్బుతోనో, ఆస్తితోనో వచ్చే ఆదాయాన్ని ఇచ్చినవారి ఆదాయంలోనే కలుపుతారు. పన్ను తగ్గదు సరికదా, రెండు రిటర్నులూ సరిచేసుకోవాల్సి వస్తుంది.

అర్హత వచ్చినంత రుణం తీసుకోవాలా?

అర్హత పెరగడం మంచిదే. అయితే అదొక్కటే చూసుకుని ముందుకు వెళ్లకండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం రూ.30 లక్షలకు మించి రూ.75 లక్షల వరకు ఇంటి రుణాల్లో ఇంటి విలువలో 80 శాతమే ఇస్తారు. రూ.60 లక్షల ఫ్లాటుకు గరిష్ఠంగా రూ.48 లక్షలు. మిగతా రూ.12 లక్షలు మీరు పెట్టుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపి సుమారు 7.5 శాతం, అంటే మరో రూ.4.5 లక్షలు. ఈ ఖర్చును సాధారణంగా రుణంలో కలపరు. ఇక మూడో ఇంటి నుంచి వ్యక్తులకిచ్చే రుణాన్ని కమర్షియల్ రియల్ ఎస్టేట్ కోవలో చూడాలన్నది రిజర్వు బ్యాంకు మార్గదర్శకం. అక్కడ వడ్డీ, షరతులు మారవచ్చు.

కూకట్‌పల్లి ఉదాహరణకే తిరిగి వస్తే, ఈఎంఐ రూ.43,390, అద్దె రూ.25,000. నెలనెలా రూ.18,390 జీతంలోంచి వేసుకోవాలి. ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంటే ఆ రెండు నెలలూ మొత్తం ఈఎంఐ మీదే. పన్నులో ఏడాదికి ఎంత మిగిలినా ఈ లోటు పూడదు. ‘పన్ను కలిసొస్తుంది’ అన్న ఒక్క కారణంతో అద్దె ఇల్లు కొనకూడదనేది ఇందుకే.

రిటర్ను వేసే ముందు చూసుకోండి

• వచ్చే మూడేళ్లలో ఇంటి రుణం అవసరం ఉందా? ఉంటే ఈ ఏడాది రిటర్ను నుంచే సిద్ధం కావాలి.

• అద్దె మొత్తం చూపి, ఆస్తిపన్ను, 30 శాతం, వడ్డీ తగ్గించాక నిజంగా ఎంత పన్ను పడుతుందో లెక్క వేయండి. సున్నా రావచ్చు.

• పాత, కొత్త విధానాలు రెండింట్లో లెక్క వేసి తక్కువ వచ్చేదాన్ని ఎంచుకోండి.

• ఏఐఎస్, 26ఏఎస్‌లో ఉన్నవి రిటర్నుతో సరిపోలుతున్నాయో చూడండి.

• బ్యాంకు నుంచి వడ్డీ సర్టిఫికెట్, మున్సిపాలిటీ నుంచి ఆస్తిపన్ను రసీదు తీసి పెట్టుకోండి.

• వ్యాపారులైతే జీఎస్టీ టర్నోవరు, ఖాతా జమలు, రిటర్ను అంకెలు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి.

• దరఖాస్తుకు ముందే ‘అద్దెలో ఎంత శాతం లెక్కలోకి తీసుకుంటారు, ఈఎంఐ పరిమితి ఎంత’ అని రెండు మూడు బ్యాంకుల్లో అడగండి. ఈ రెండు అంకెలు తెలిస్తే పైన చూపిన లెక్కతో మీ అర్హత మీరే చూసుకోవచ్చు.

చట్టం ఇచ్చిన తగ్గింపులన్నీ నిస్సంకోచంగా వాడుకోండి. వచ్చిన ఆదాయాన్ని మాత్రం పూర్తిగా చూపండి. పెద్ద మొత్తాలు, ఒకటికి మించిన ఇళ్లు, పాత ఏళ్ల సవరణలు ఉంటే రిటర్ను వేసే ముందే చార్టర్డ్ అకౌంటెంటును కలవండి. బ్యాంకు ‘కుదరదు’ అన్నాక వెళ్తే సరిచేసుకోవడానికి ఇంకో రెండేళ్లు ఆగాల్సి వస్తుంది.